లారీకి రెండో డీజిల్ ట్యాంకు పెట్టించాలా? చిత్తూరు, తిరుపతి ఓనర్లు లెక్క వేసుకునే విధానం

చిత్తూరు నుంచి వేలూరు రోడ్డులో నరహరిపేట దాటితే తమిళనాడు. పలమనేరు మీదుగా నంగిలి దాటితే కర్ణాటక. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి దాటినా తమిళనాడే. సరిహద్దు దాటగానే బంకు బోర్డు మీద డీజిల్ రేటు తగ్గుతుందని ఇక్కడి డ్రైవర్లందరికీ తెలుసు. అందుకే ఈ ప్రాంతంలో లారీ ఓనర్లు నలుగురు కలిస్తే ఒక మాట తప్పకుండా వస్తుంది: "ఇంకో ట్యాంకు బిగిస్తే అక్కడే పట్టించుకుని రావచ్చు కదా?"

పెట్టించే ముందు వేసుకోవాల్సిన లెక్క, చూసుకోవాల్సిన చట్టం, పెట్టించక తప్పదనుకుంటే బిగింపులో తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఇక్కడ చెబుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ప్రాంతంలో చాలా బండ్లకు కంపెనీ ఇచ్చిన ట్యాంకు సరిపోతుంది. దాన్ని ఎక్కడ నింపాలో తెలియకపోవడం వల్లే డబ్బు పోతోంది. రెండో ట్యాంకు నిజంగా అవసరమైన బండ్లు కొన్ని ఉన్నాయి, వాటి గురించి కూడా చెబుతాను.

రేటులో తేడా ఎందుకో ముందు చూద్దాం. డీజిల్ జీఎస్టీలోకి రాలేదు. ప్రతి రాష్ట్రం తన పన్ను తాను వేసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్ ఉన్నాయి. కర్ణాటకలో అమ్మకం పన్నును 2025 ఏప్రిల్ 1 నుంచి 18.44 శాతం నుంచి 21.17 శాతానికి పెంచారు. దాంతో అక్కడ లీటరు 2 రూపాయలు పెరిగి బెంగళూరులో 91 రూపాయల దగ్గరికి వచ్చింది. అదే సమయంలో మన వైపు 97 పైనే ఉంది. ఈ పెంపుకు ముందు తేడా ఇంకా ఎక్కువ. అంటే ఈ తేడా శాశ్వతం కాదు. పక్క రాష్ట్రం ఒక్క జీవో ఇస్తే సగం మాయమవుతుంది. 40 వేలు పెట్టి ట్యాంకు బిగించి, నాలుగేళ్లలో రాబట్టుకుందామనుకునేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

1. ఉన్న ట్యాంకు నిజంగా ఎంత పనికొస్తుందో కొలవండి

బ్రోచర్‌లో 350 లీటర్లు అని ఉంటే 350 లీటర్లూ మీ చేతికి రావు. అడుగున కొంత డీజిల్ ఉంచాల్సిందే. గాలి లాగితే బండి ఆగిపోతుంది, మళ్లీ ఎయిర్ తీయాలి. డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో పంపే కామన్ రైల్ ఇంజిన్లలో ఆ పని రోడ్డు పక్కన తేలికగా అయ్యేది కాదు. అడుగున చేరే మడ్డి, నీరు కూడా ఫిల్టర్లోకి లాగుతాయి. అందుకని 350 ట్యాంకులో 330, 160 ట్యాంకులో 150 మాత్రమే వాడకానికి అనుకోండి.

మైలేజీ కూడా గేజి ముల్లు చూసి చెప్పకండి. ఒక బంకులో ట్యాంకు నిండా పట్టించి కిలోమీటర్లు రాసుకోండి. ట్రిప్పు తిరిగొచ్చాక వీలైతే అదే బంకులో మళ్లీ నిండా పట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. లోడుతో, ఖాళీగా విడివిడిగా చేస్తే ఇంకా మంచిది. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ రోజూ ఎక్కే బండికి, నాయుడుపేట దాటి ఎన్‌హెచ్ 16 మీద చదునుగా పోయే బండికి మైలేజీ ఒకటి కాదు. పక్క ఓనర్ చెప్పిన అంకెతో మీ బండికి లెక్క వేయకండి.

2. మీ లైనులో 'ఖరీదైన దూరం' ఎంతో చూడండి

అసలు లెక్క ఇక్కడే ఉంది. చాలామంది మొత్తం ట్రిప్పు ఎన్ని కిలోమీటర్లో చూసి "రెండు వేల కిలోమీటర్లు, ట్యాంకు చాలదు" అంటారు. మొత్తం దూరానికి ట్యాంకు చాలాల్సిన పని లేదు, దారి పొడవునా బంకులున్నాయి. డీజిల్ ఖరీదుగా ఉన్న రాష్ట్రాల్లో మీరు ఆగకుండా దాటగలరా అన్నదే ప్రశ్న. చౌకగా దొరికే చివరి బంకు నుంచి, ఇంటికి వచ్చి, మళ్లీ లోడుతో బయలుదేరి, చౌకగా దొరికే మొదటి బంకు చేరేదాకా ఎన్ని కిలోమీటర్లు? అదే ఖరీదైన దూరం. దాన్ని మైలేజీతో భాగించి, మీ ట్యాంకు వాడకపు లీటర్లతో పోల్చండి. తక్కువ పడిన లీటర్ల మీద మాత్రమే రెండో ట్యాంకు మీకు ఆదా ఇస్తుంది.

మన దగ్గర ఎక్కువగా ఉండే నాలుగు రకాల లైన్లకు ఈ లెక్క వేసి చూద్దాం. కింద రాసిన రేట్ల తేడాలు ఉదాహరణకే, మీరు వేసేటప్పుడు ఆ రోజు రేట్లు పెట్టుకోండి.

చిత్తూరు నుంచి బెంగళూరు, చెన్నై తిరిగే బండి. చిత్తూరు నుంచి నంగిలి సరిహద్దు 60 కిలోమీటర్ల లోపు వ్యవహారం, నరహరిపేట అయితే ఇంకా దగ్గర. వారమంతా తిరిగినా ఈ బండి ఆంధ్రాలో డీజిల్ పట్టించాల్సిన అవసరమే రాదు. ముళబాగిలు దగ్గరో, వేలూరు వైపో ఒకసారి నిండా పట్టిస్తే చాలు. రెండో ట్యాంకు పూర్తిగా దండగ.

మదనపల్లె నుంచి ఢిల్లీ వైపు టమాటా వేసుకుని పోయే పది టైర్ల బండి. కదిరి, అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, ఆదిలాబాద్ మీదుగా మహారాష్ట్ర సరిహద్దుకు దాదాపు 860 కిలోమీటర్లు. ఆంధ్రా, తెలంగాణ రెండూ ఖరీదే. మైలేజీ 4.5 అనుకుంటే ఒకవైపుకు 191 లీటర్లు, రెండు వైపులా 382. తిరిగి వచ్చేటప్పుడు మహారాష్ట్రలోని పాండర్‌కవడ దగ్గర ట్యాంకు నింపితే 330 చేతిలో ఉంటుంది. తక్కువ పడేది 52 లీటర్లు. లీటరుకు 5 రూపాయల తేడా అనుకున్నా ట్రిప్పుకు 260 రూపాయలు. పైగా మదనపల్లెకు కోలారు జిల్లా సరిహద్దు పక్కనే ఉంది. ఆ వైపు నుంచి ఖాళీ క్రేట్లో, ఏదో చిన్న లోడో తెచ్చుకునే పని ఉంటే ఆ 52 లీటర్లూ అక్కడే పడతాయి. ఇక ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో 2025లో డీజిల్ 87, 88 రూపాయల దగ్గర ఉంది. ఆ చౌక డీజిల్‌ను ఇంటిదాకా మోయాలన్న ఆశ సహజం. కానీ మధ్యలో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర ఉన్నాయి. ఒక్కో రాష్ట్రంలో రేటు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్రతి సరిహద్దు దగ్గరా ఏ వైపు చౌకో చూసి నింపుకుంటూ వస్తే ఉన్న ట్యాంకుతోనే ఎక్కువ భాగం దక్కుతుంది.

తిరుపతి నుంచి కోల్‌కతా లైను. మనవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. నాయుడుపేట దగ్గర ఎన్‌హెచ్ 16 ఎక్కితే నెల్లూరు, విజయవాడ, విశాఖ, ఇచ్ఛాపురం దాకా అంతా ఆంధ్రానే, సుమారు వెయ్యి కిలోమీటర్లు. రాకపోకలు కలిపి 2,000 అంటే 4.5 మైలేజీకి 444 లీటర్లు. ఒడిశాలోని బరంపురం దగ్గర నిండా పట్టించి దిగితే 330 పోను 114 తక్కువ. లీటరుకు 4 రూపాయల తేడాతో ట్రిప్పుకు 456 రూపాయలు. నెలకు రెండు ట్రిప్పులైతే ఏడాదికి సుమారు 11 వేలు. ట్యాంకు, బ్రాకెట్లు, పైపులు, కాగితాల ఖర్చు కలిపి 40 వేలు అనుకుంటే మూడున్నరేళ్లు దాటితేగాని అసలు రాదు. అదీ తేడా అలాగే ఉంటేనే.

జిల్లా దాటని టిప్పర్లు, ఇసుక, కంకర బండ్లు. "నంగిలికి పోయి పట్టించుకొస్తే?" అని అడిగేవాళ్లున్నారు. చిత్తూరు నుంచి రానుపోను 120 కిలోమీటర్లు, మైలేజీ 4 అయితే 30 లీటర్లు, అంటే 2,900 రూపాయల డీజిల్ అక్కడికి పోయిరావడానికే కాలిపోతుంది. 330 లీటర్ల మీద 6 రూపాయల తేడాకు మిగిలేది 1,980. డ్రైవర్ బత్తా, టోలు, ఘాట్లో టైర్ల అరుగుదల ఇంకా లెక్కలో వేయలేదు. ఊరి బంకులోనే పట్టించండి. నెలవారీ ఖాతా పెడితే ఏమైనా తగ్గిస్తారేమో బంకువాళ్లను అడగండి.

3. బరువు లెక్క మరిచిపోకండి

డీజిల్ లీటరు సుమారు 830 గ్రాములు తూగుతుంది. 200 లీటర్లంటే 166 కిలోలు. ట్యాంకు, బ్రాకెట్లు, పట్టీలు కలిపి ఇంకో 50 అనుకోండి. మొత్తం 216 కిలోలు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో లోడు ఎత్తేవాళ్లకు ఈ అంకె వెంటనే అర్థమవుతుంది, అది ఒక డ్రమ్ము గుజ్జు బరువు. టమాటా వాళ్లకైతే ఏడెనిమిది క్రేట్లు.

మీరు కాటాకు సరిగ్గా సరిపోయేలా లోడు ఎత్తే మనిషైతే ఆ డ్రమ్మును దించి డీజిల్ మోస్తున్నట్టే. కోల్‌కతా ఉదాహరణే తీసుకుందాం. తిరుగు ప్రయాణంలో అదనంగా 114 లీటర్లు, అంటే 95 కిలోలు, ట్యాంకు 50 కిలోలు, మొత్తం 145. రిటర్న్ లోడుకు కిలోకు 3 రూపాయల బాడుగ అనుకున్నా 435 పోయినట్టు. పోయేటప్పుడు ట్యాంకు ఖాళీగా ఉన్నా దాని 50 కిలోలు ఎటూ పోవు. కిలోకు 4 రూపాయల చొప్పున ఇంకో 200. డీజిల్‌లో మిగిలింది 456. ఈ ట్రిప్పులో ట్యాంకు మీకు నష్టమే తెచ్చింది.

"ఆ రెండు వందల కిలోలు ఎవరు చూస్తారులే" అనుకునేవాళ్లకు ఒక మాట. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 ప్రకారం ఓవర్‌లోడుకు జరిమానా 20 వేలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. అదనపు సరుకు దించే ఖర్చు కూడా మీదే. కాటా మీద డీజిల్ బరువు, సరుకు బరువు వేరువేరుగా కనబడవు.

తేలిక సరుకు మోసేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. ఖాళీ క్రేట్లు, పరుపులు, ప్లాస్టిక్ సామాన్లు, పార్సిళ్లు లాంటివి బాడీ నిండినా బరువు రాదు. వాళ్లు ఈ మూడో మెట్టును దాటేయవచ్చు.

4. ఎవరికి నిజంగా అవసరం

ఆరు టైర్ల బండితో దూరపు లైను తిరిగేవాళ్లకు. 160 లీటర్ల ట్యాంకు, మైలేజీ 6 అయితే తిరుపతి నుంచి ఇచ్ఛాపురానికే 167 లీటర్లు కావాలి. ఒకవైపు ప్రయాణానికే ట్యాంకు చాలదు. రాకపోకల్లో 184 లీటర్లు ఆంధ్రా రేటుకు కొనాల్సి వస్తుంది. ట్రిప్పుకు 736 రూపాయలు, నెలకు రెండు ట్రిప్పులతో ఏడాదికి 17 వేలకు పైగా. తేలిక సరుకైతే రెండేళ్లు దాటాక పెట్టుబడి తిరిగొస్తుంది. ఇక్కడ నేను సరే అంటాను.

కుప్పం, శాంతిపురం వైపు గ్రానైట్ క్వారీల్లో రోజుల తరబడి లోపలే ఉండి పనిచేసే బండ్లకు కూడా పెద్ద ట్యాంకు మేలు. బంకు కోసం ఎత్తుపల్లాల దారిలో బయటికి వచ్చి పోవడం తప్పుతుంది. రిఫ్రిజిరేటెడ్ బండ్లలో చల్లదనం ఇంజిన్‌కు వేరే డీజిల్ పోతుంది, లోడు దిగేదాకా అది ఆగడానికి వీల్లేదు కాబట్టి వాళ్ల లెక్క వేరు.

మామిడి సీజన్‌లో ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి క్యూలో నిలబడే బండ్లకు కూడా ఎక్కువ డీజిల్ ఉండాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆగి ఉన్న ఇంజిన్ డీజిల్ తాగదు. ఫ్యాన్ కోసమో, ఫోన్ చార్జింగ్ కోసమో ఇంజిన్ ఆన్‌లో ఉంచితే గంటకు ఒకటిన్నర, రెండు లీటర్లు పోతాయి. ట్యాంకు బదులు డ్రైవర్‌కు ఒక చిన్న బ్యాటరీ ఫ్యాన్ కొనివ్వండి.

బంకులు మూతపడితే ఎలా అన్న భయం కూడా ఉంటుంది. 2024 జనవరి మొదట్లో హిట్ అండ్ రన్ శిక్షల మీద ట్రక్కు డ్రైవర్లు సమ్మె చేసినప్పుడు హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కట్టారు. అలాంటి రోజులకు మందు రెండో ట్యాంకు కాదు, సమ్మె మాట వినబడగానే ఉన్న ట్యాంకు మూడో వంతు కంటే కిందికి దిగకుండా చూసుకునే అలవాటు.

5. చట్టం వైపు తప్పక చూసుకోండి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా మార్పు చేయించిన ఓనర్‌కు సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ట్యాంకు బిగిస్తే ఖాళీ బండి బరువు మారుతుంది, ఆర్‌సీలో ఉన్న అంకె తప్పవుతుంది. అందుకని ఈ వరుసలో పోండి.

ముందు మీ మోడల్‌కు కంపెనీయే పెద్ద ట్యాంకో, రెండో ట్యాంకో ఇస్తుందా అని డీలర్‌ను అడగండి. ఇస్తే ఆ పార్టునే డీలర్ వర్క్‌షాపులో బిగించి, బిల్లు తీసుకోండి. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి అడగండి. అయ్యాక ఆర్‌సీలో నమోదు చేయించండి. ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి తెలిపి పాలసీలో చేర్పించండి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. రేపు ఏదైనా మంటల ప్రమాదం జరిగితే సర్వేయర్ మొదట చూసేది ఆ ట్యాంకునే.

ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించిన ట్యాంకుకు ఈ కాగితాలేవీ రావు. చౌకగా అవుతుందని అటు పోకండి.

కొత్త బండి కొనబోయేవాళ్లకు ఇదంతా చాలా తేలిక. బుకింగ్ రోజే పెద్ద ట్యాంకు ఆప్షన్ అడగండి. ఫ్యాక్టరీ నుంచే వస్తే ఆర్‌సీ, వారంటీ, ఇన్సూరెన్స్ అన్నీ దానితోనే వస్తాయి. నా మాట వింటే, రెండో ట్యాంకు గురించి ఆలోచించాల్సిన సరైన సమయం అదొక్కటే.

6. బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

కొత్త కాలుష్య నియమాల ప్రకారం తయారైన బీఎస్ 6 బండ్లలో ఛాసిస్ పక్కన ఖాళీ తక్కువ. బ్యాటరీ పెట్టె, గాలి ట్యాంకులు, పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం ట్యాంకు, లావుపాటి సైలెన్సర్ అన్నీ అక్కడే ఉంటాయి. సైలెన్సర్ పక్కన డీజిల్ ట్యాంకు పెట్టనివ్వకండి. బీఎస్ 6 సైలెన్సర్ తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది. బండి పక్కన ఉండే రక్షణ రెయిలింగును తీసేసి ఆ చోట ట్యాంకు పెడతామంటే ఒప్పుకోకండి. బైకులు చక్రాల కిందికి రాకుండా ఆపేది అదే. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్షలో కూడా చూస్తారు.

ఛాసిస్‌కు ఎక్కడా వెల్డింగ్ చేయకూడదు, పై అంచు, కింది అంచులకు రంధ్రాలు పెట్టకూడదు. కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే బ్రాకెట్లు బోల్టులతో బిగించాలి. ట్యాంకుకూ పట్టీకీ మధ్య రబ్బరు ఉండాలి, లేకపోతే అదురుకు రేకు అరిగి కారుతుంది. లోపల అడ్డుపలకలు ఉన్నాయో లేదో అడగండి. అవి లేని పెద్ద ట్యాంకులో డీజిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. మొగిలి ఘాట్ మలుపుల్లో సగం నిండిన ట్యాంకు ఊపు మీ స్టీరింగ్‌కు తెలుస్తుంది.

రెండు ట్యాంకులను కలపడం మామూలుగా మూడు రకాలు. ఒకటి, అడుగున పైపుతో కలిపి రెండింట్లో ఒకే మట్టం ఉండేలా చేయడం. తేలికైనదే, కానీ ఆ పైపు కిందికి వేలాడితే రాయి తగిలి రెండు ట్యాంకులూ ఖాళీ అవుతాయి. దీన్ని ఎంచుకుంటే పైపు ఛాసిస్ మీదుగా పోవాలి, రెండు చివరలా వాల్వు ఉండాలి. రెండు, వాల్వు తిప్పి ఏ ట్యాంకు నుంచి లాగాలో ఎంచుకోవడం. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇంజిన్ తాను వాడని డీజిల్‌ను రిటర్న్ పైపులో వెనక్కి పంపుతుంది. లాగే పైపును ఒక ట్యాంకుకు, రిటర్న్‌ను ఇంకో ట్యాంకుకు వదిలేస్తే, ఒకటి ఖాళీ అవుతుంటే రెండోది పొంగి రోడ్డు మీద కారుతుంది. వెనక వచ్చే బైకులు జారి పడతాయి. రెండు పైపులనూ కలిపి తిప్పే వాల్వే ఉండాలి. మూడు, రెండో ట్యాంకు నుంచి చిన్న పంపుతో మొదటి ట్యాంకులోకి ఎత్తడం. ఇంజిన్ లైను ముట్టుకోరు కాబట్టి నాకు ఇదే నచ్చుతుంది. కాకపోతే పంపు ఆన్ చేసి డ్రైవర్ మరిచిపోకుండా తనంతట తానే ఆగే ఏర్పాటు ఉండాలి.

గాలి పోయే బ్రీదర్, మూత తాళం, గేజి మూడూ రెండో ట్యాంకుకు కూడా ఉండాలి. వాడిన పాత ట్యాంకును తెచ్చి వెల్డింగ్ చేయడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఖాళీగా కనబడే ట్యాంకులో ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

7. క్యాన్లు, డ్రమ్ములు

ట్యాంకు ఎందుకు, క్యాబిన్ వెనక నాలుగు క్యాన్లు పెట్టుకుంటే పోలా అనే ఆలోచన కూడా వినబడుతుంది. డీజిల్‌ను పెట్రోలియం చట్టం బి క్లాస్ కింద చూస్తుంది. ఒకచోట 2,500 లీటర్ల లోపు, ఏ పాత్రా 1,000 లీటర్లకు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. దానర్థం నీళ్ల క్యాన్లో పోసుకుని పంట గడ్డి లోడు పక్కన పెట్టుకోవచ్చని కాదు. పల్చటి ప్లాస్టిక్ ఎండకు మెత్తబడుతుంది, మూత వదులై కారుతుంది. బండి బోల్తా పడితే ముందు పగిలేది అదే. క్యాబిన్‌లో మనుషులు పడుకునే చోట అసలే వద్దు. క్వారీ పని కోసం తప్పనిసరైతే ఇంధనం కోసమే తయారైన గట్టి లోహపు క్యాన్ కొని, బాడీ బయట పట్టీతో కట్టండి. పక్క రాష్ట్రం నుంచి డ్రమ్ముల్లో తెచ్చి ఇక్కడ అమ్మడం పూర్తిగా నేరం. లారీ కూడా సీజ్ అవుతుంది. బాడుగకు ఎవరైనా అలాంటి డ్రమ్ములు ఎత్తమంటే ఎత్తకండి.

8. పెద్ద ట్యాంకును కాపాడుకోవడం

ట్యాంకు పెద్దదయ్యేకొద్దీ లోపల ఖాళీ పెరుగుతుంది. రాత్రి చల్లదనానికి ఆ ఖాళీలోని గాలిలో ఉన్న తేమ నీటిబొట్లై డీజిల్‌లోకి దిగుతుంది. నవంబర్, డిసెంబర్ వానల్లో ఇది ఎక్కువ. నీరు అడుగున చేరి మడ్డి పడుతుంది, ఫిల్టర్ మూసుకుంటుంది, ఇంజెక్టర్లు పాడవుతాయి. కామన్ రైల్ ఇంజెక్టర్ల ఖర్చు ముందు మీ డీజిల్ ఆదా ఏ మూలకూ రాదు. వాటర్ సెపరేటర్‌లో చేరిన నీటిని వారానికోసారి వదిలేయండి. రెండో ట్యాంకు అడుగు నట్టును మూడు నెలలకోసారి తీసి కొంచెం డీజిల్‌ను గాజు సీసాలో పట్టి చూడండి. అడుగున నీటి చార కనబడితే ట్యాంకు కడిగించాలి. రెండో ట్యాంకులో డీజిల్‌ను నెలల తరబడి నిల్వ ఉంచకుండా, ముందు దాన్నే వాడేయండి.

ఎండాకాలంలో మూత దాకా నింపకండి. డీజిల్ వేడికి ఉబ్బుతుంది. 300 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 లీటర్లు పెరుగుతుంది. ఉదయం నింపి మధ్యాహ్నం రేణిగుంట ఎండలో నిలబెడితే ఆ ఐదు లీటర్లూ కింద పోతాయి.

బీఎస్ 6 బండైతే యూరియా లెక్క కూడా చూసుకోండి. కాలిన డీజిల్‌లో సుమారు ఐదు శాతం మేర యూరియా ఖర్చవుతుంది. 550 లీటర్ల డీజిల్‌కు 27 లీటర్ల దాకా కావాలి. డీజిల్ మిగిలి ఉన్నా యూరియా అయిపోతే బండి పవర్ తగ్గించేస్తుంది, ఘాట్లో ఎక్కదు. యూరియా ఎండలో ఉంటే త్వరగా పాడవుతుంది కాబట్టి అదనపు క్యాన్‌ను నీడ తగిలే చోట పెట్టండి.

దొంగతనం గురించి కూడా చెప్పాలి. నిండు ట్యాంకు అంటే ముప్పై, నలభై వేల సరుకు రోడ్డు పక్కన నిలబడి ఉన్నట్టు. మూత తాళం ఒక్కటే చాలదు, మెడలో జాలీ కూడా పెట్టించండి. పైపు లోపలికి పోదు. వెలుతురు, మనుషులు ఉన్న ధాబాల దగ్గరే ఆపమని డ్రైవర్‌కు చెప్పండి. రెండు ట్యాంకులుంటే రాత్రి పడుకునే ముందు మధ్య వాల్వు మూయించండి, ఒకదానికి కన్నం పడినా రెండోది మిగులుతుంది.

9. ట్యాంకు లేకుండానే ఆదా చేసే పద్ధతి

ట్రిప్పు బయలుదేరే ముందు ఒక కాగితం మీద దారి మొత్తం రాసి, ప్రతి సరిహద్దుకు ముందున్న చౌక బంకు పేరు, అక్కడికి చేరేసరికి ట్యాంకులో ఎన్ని లీటర్లు మిగలాలి, అక్కడ ఎన్ని పట్టించాలి అన్నది పక్కన రాసి డ్రైవర్‌కు ఇవ్వండి. 2017 జూన్ నుంచి రేట్లు రోజూ ఉదయం ఆరు గంటలకు మారే పద్ధతి వచ్చింది, ఆయిల్ కంపెనీల యాప్‌లలో ఏ బంకులో ఎంతో కనబడుతుంది. బయలుదేరే రోజే చూసుకోండి.

ఖరీదైన రాష్ట్రంలో పట్టించక తప్పకపోతే నిండా పట్టించొద్దు, తర్వాతి చౌక బంకు చేరడానికి సరిపడా, పైన ఒక ఇరవై లీటర్లు మాత్రమే. ఇల్లు చేరే బండి ట్యాంకు నిండుగా రావాలి, ఇల్లు వదిలి చౌక రాష్ట్రానికి పోయే బండి సరిహద్దు చేరేసరికి దాదాపు ఖాళీ కావాలి. తమిళనాడు, కర్ణాటక రెండూ దారిలో ఉంటే ఆ రోజు ఏది తక్కువో చూసి అక్కడ నింపండి.

డ్రైవర్‌తో హిసాబు కూడా దీనికి తగ్గట్టు మార్చుకోవాలి. ట్రిప్పుకు ఇంత డబ్బు అని గుండుగుత్తగా ఇస్తే, అతను ఎక్కడ వీలైతే అక్కడ పట్టిస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు, చౌక బంకు దాకా పోవాల్సిన అవసరం అతనికి మీరు కల్పించలేదు. బంకు బిల్లుల మీద ఊరి పేరు, లీటర్లు, రేటు చూసి, ప్లాన్ ప్రకారం పట్టించిన ట్రిప్పుకు మిగిలిన డబ్బులో కొంత భాగం అతనికి ఇవ్వండి. ఇలా రెండు నెలలు నడిపి, ఆ బిల్లుల్లోంచి ఆంధ్రాలో తప్పనిసరై పట్టించిన లీటర్లను మాత్రం విడిగా కూడండి. రెండో ట్యాంకు గురించి డీలర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ మొత్తాన్ని చేతిలో పెట్టుకుని పోండి.